కారు పాతదే... బిల్లు మాత్రం కొత్తది!

సెకండ్‌ హ్యాండ్‌లో సెడాన్‌ కొనాలనుకుంటున్నారా? అమ్మేవాళ్లు చెప్పిన ధరతో లెక్క తేలిపోదు. షెడ్డుకి వెళ్లాకే అసలు లెక్క మొదలవుతుంది. ఏ భాగం ముందు మొరాయిస్తుంది, దానికెంత వదులుతుంది, ఎలాంటి బండి జోలికి వెళ్లకూడదు... కొనేముందే తెలుసుకుంటే జేబు భద్రం!

మూడున్నర లక్షలు పట్టుకుని సెకండ్‌ హ్యాండ్‌ మార్కెట్‌కి వెళ్తే రెండు రకాల సెడాన్లు కంటపడతాయి. ఒకటి... పదేళ్లు దాటిన మారుతి స్విఫ్ట్‌ డిజైర్‌. రెండోది... దాదాపు అదే వయసున్న ఫోక్స్‌వ్యాగన్‌ జెట్టా. కొత్తలో జెట్టా ధర డిజైర్‌కి రెట్టింపు పైమాటే. విశాలమైన సీట్లు, దిట్టంగా పడే తలుపులు, హైవే మీద కుదుపు తెలియని ప్రయాణం. ‘అంత పెద్ద బండి ఇంత చవకగా వస్తుంటే ఇంకా ఆలోచించడం దేనికి’ అనిపిస్తుంది ఎవరికైనా. లెక్క తప్పేది సరిగ్గా అక్కడే. పదేళ్లలో కారు ధర పడిపోయిందే తప్ప దాని గేర్‌బాక్స్‌ ధర పడిపోలేదు. మనం కొన్నది మూడున్నర లక్షల కారే అయినా, రేపు దానికి వేయాల్సిన పార్టు మాత్రం పదిహేను లక్షల కారుదే.

కారు ధర ఏటా తగ్గుతుంది, పార్టు ధర ఏటా పెరుగుతుంది. పాత కారు కొనేవాళ్లు ఈ ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలు, సగం పొరపాట్లు తప్పుతాయి.

అలాగని పాత కారు కొనడమే తప్పనుకోనక్కర్లేదు. బీమా కోసం కారు విలువ కట్టే పట్టిక చూడండి. ఏడాది తిరిగేలోపే కొత్త కారు విలువలో 15 శాతం తీసేస్తారు. మూడో ఏడాదికి 30 శాతం, ఐదో ఏడాదికి 50 శాతం పోతుంది. ఆ నష్టమంతా భరించేది మొదటి యజమాని. రెండో యజమానికి మిగిలేది వాడుకలో అరిగిన భాగాల ఖర్చు. ఆ ఖర్చు ముందే అంచనా వేసుకున్నవాళ్లకు పాత సెడాన్‌ నిజంగానే లాభసాటి బేరం. అంచనా లేకుండా కొంటే మాత్రం తడిసి మోపెడవుతుంది.

పైగా ఇది కొనేవాళ్ల కాలం. కొత్త కార్ల షోరూముల్లో జనం ఎస్‌యూవీల వైపు మళ్లారు. టయోటా ఎతియోస్‌ 2020లో, మారుతి సియాజ్‌ 2025లో మార్కెట్‌ నుంచి తప్పుకున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడంతో కొత్త డిజైర్‌ లాంటి వాటి ధరలూ దిగొచ్చాయి. కొత్తది తగ్గితే పాతదీ తగ్గాలి కదా! అంతకుముందు ధరలు చెప్పి బేరమాడేవాళ్లకు ఈ మాట గుర్తుచేయాల్సిందే.

ఇంజన్‌ చల్లగా ఉన్నప్పుడే...

‘డాక్టర్‌గారి బండి సార్‌, ఆస్పత్రికీ ఇంటికీ తప్ప బయటికి తీసిందే లేదు’... కార్ల కన్సల్టెన్సీల్లో ఈ మాట వినని వాళ్లుండరు. డాక్టర్‌గారి సంగతేమోగానీ, బండి సంగతి తెలియాలంటే ఉదయాన్నే వెళ్లాలి. ‘నేనొచ్చేదాకా స్టార్ట్‌ చేయొద్దు’ అని ముందే చెప్పాలి. వెళ్లగానే బానెట్‌ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలిందంటే మీరొచ్చేలోపే ఎవరో ఇంజన్‌ వేడి చేశారన్నమాట. వేడెక్కిన ఇంజన్లో చాలా లోపాలు దాక్కుంటాయి. బ్యాటరీ డౌన్‌ అయినా, డీజిల్‌ బండిలో హీటర్‌ ప్లగ్గులు పోయినా, టైమింగ్‌ చెయిన్‌ వదులైనా తెలిసేది మొదటిసారి తాళం తిప్పినప్పుడే.

తాళం తిప్పి, స్టార్ట్‌ చేయడానికి ఒక్క మెట్టు ముందు ఆపండి. మీటర్‌ బోర్డులో ఇంజన్‌, ఆయిల్‌, ఏబీఎస్‌, ఎయిర్‌బ్యాగ్‌ లైట్లన్నీ వెలగాలి. స్టార్ట్‌ అయ్యాక ఆరిపోవాలి. ఇంజన్‌ లైటు అసలు వెలగకపోతే సంతోషించొద్దు. లోపం కనిపించకుండా ఆ లైటునే పనిచేయకుండా చేసి ఉండొచ్చు. స్టార్ట్‌ చేసిన మొదటి నిమిషంలో పొగ గొట్టం దగ్గర ఓ మనిషి నిలబడాలి. నీలం పొగ వస్తే ఇంజన్‌ ఆయిల్‌ తాగుతోందని అర్థం. చలికాలం ఉదయం కాస్త తెల్లటి ఆవిరి మామూలే కానీ, ఇంజన్‌ వేడెక్కాకా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్‌ సిలిండర్లలోకి చేరుతోందని అనుమానించాలి. యాక్సిలరేటర్‌ తొక్కగానే నల్లపొగ చిమ్మితే డీజిల్‌ బండికి ఇంజెక్టర్లో, టర్బోనో, ఈజీఆర్‌ వాల్వో పనిపెట్టినట్టే.

ఆ తర్వాత ఇంజన్‌ ఆపి ఆయిల్‌ పోసే మూత తీయండి. మూత లోపలివైపు తెల్లటి జిగురు పట్టి ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమో చూడాలి. మూత పక్కన పెట్టి మళ్లీ స్టార్ట్‌ చేసినప్పుడు ఆ రంధ్రంలోంచి గుప్పుగుప్పున పొగ తన్నుకొస్తే పిస్టన్‌ రింగులు అరిగి, బండి బోర్‌కి దగ్గరపడిందన్నమాట. కుటుంబ సెడాన్‌ ఇంజన్‌ బోర్‌ చేయించాలంటే తక్కువలో తక్కువ రూ.50 వేలు, డీజిల్‌ అయితే లక్ష దాటినా ఆశ్చర్యం లేదు. అలాంటి బండిని ఎంత తగ్గించి ఇచ్చినా దండం పెట్టి వచ్చేయడమే మేలు.

ఇవన్నీ మనకు తెలియకపోతే తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లాలి. స్కానర్‌ పెట్టి చూసి, బండిని లిఫ్ట్‌ మీదికెత్తి కింద పరిశీలించి చెప్పడానికి వెయ్యి నుంచి రెండు వేలు తీసుకుంటారు. మూడు లక్షల బేరంలో ఆ రెండు వేలకు వెనకాడటమంటే ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమే.

ముందుగా అరిగేవి ఇవే

ఎనభై వేల నుంచి లక్ష కిలోమీటర్లు తిరిగిన ఏ సెడాన్‌కైనా కొన్ని భాగాలు మార్చక తప్పదు. ఇవి లోపాలు కావు, అరుగుదల. అమ్మేవాళ్లు వాటిని మార్చకుండా బండిని వదిలించుకుంటారు కాబట్టి ఆ ఖర్చు కొన్నవాళ్ల నెత్తిన పడుతుంది. కింద చెప్పిన ధరలన్నీ డిజైర్‌, ఎతియోస్‌, హోండా సిటీ, హ్యుందాయ్‌ వెర్నా తరగతి బండ్లకు బయటి మల్టీబ్రాండ్‌ గ్యారేజీల్లో సుమారుగా అయ్యేవి. ఊరిని బట్టి, మోడల్‌ని బట్టి అటూ ఇటూ అవుతాయి.

సస్పెన్షన్‌: సెడాన్‌ ఎత్తు తక్కువ. అయిదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను సర్దుకుని ఊళ్లకి బయల్దేరితే ప్రతి స్పీడ్‌ బ్రేకరూ దాన్ని పరీక్షిస్తుంది. గతుకుల్లో ముందు చక్రాల దగ్గర ‘టకటక’మని చప్పుడొస్తే లింక్‌ రాడ్లు, లోయర్‌ ఆర్మ్‌ బుష్‌లు పోయి ఉంటాయి. లింక్‌ రాడ్‌ ఒక్కోటి రూ.500-800, లోయర్‌ ఆర్మ్‌ రూ.1,500-3,000. షాక్‌ అబ్జార్బర్లలో ఆయిల్‌ కారుతుంటే ముందువి రెండూ కలిపి రూ.6-9 వేలు. ముందు సస్పెన్షన్‌ మొత్తం ఒకేసారి చేయించుకుంటే రూ.12-25 వేలు. ముక్కలు ముక్కలుగా చేయిస్తే ప్రతిసారీ కూలీ, ప్రతిసారీ అలైన్‌మెంట్‌ ఖర్చు అదనం.

క్లచ్‌: హైదరాబాద్‌ ట్రాఫిక్‌లో తిరిగిన బండికీ, విజయవాడ-గుంటూరు హైవే మీద తిరిగిన బండికీ కిలోమీటర్లు ఒకటే ఉండొచ్చు, క్లచ్‌ మాత్రం ఒకేలా ఉండదు. మూడో గేర్‌లో వెళ్తూ గట్టిగా యాక్సిలరేటర్‌ తొక్కితే ఇంజన్‌ అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్‌ ప్లేట్‌ జారుతోందని అర్థం. పెట్రోల్‌ మారుతికి క్లచ్‌ సెట్టు, కూలీ కలిపి రూ.6-9 వేలు, సిటీ తరగతికి రూ.10-15 వేలు. డ్యూయల్‌ మాస్‌ ఫ్లైవీల్‌ ఉన్న డీజిల్‌ సెడాన్లలో మాత్రం క్లచ్‌తోపాటు దాన్నీ మార్చాల్సి వస్తే రూ.30-50 వేలు. ఒకే పని... ఒక బండిలో నెల కరెంటు, ఇంటి సరుకుల ఖర్చంత, ఇంకో బండిలో నెల జీతమంత!

టైర్లు, బ్రేకులు: టైర్‌ పక్కన చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2318 అని ఉంటే 2018లో 23వ వారంలో తయారైందన్నమాట. గాట్లు ఎంత లోతున్నా ఆరేడేళ్లు దాటిన టైర్లు గట్టిపడి వానలో జారతాయి. నాలుగూ మార్చాలంటే రూ.16-25 వేలు. ముందు బ్రేక్‌ ప్యాడ్లకు రూ.1,500-3,000, డిస్కులు కూడా మార్చాల్సివస్తే మరో అయిదారు వేలు. ఇవి తప్పని ఖర్చులు కాబట్టి బేరంలోనే తగ్గించుకోవచ్చు. బ్యాటరీకి రూ.4-7 వేలు వేసుకోండి.

ఎండాకాలమే అసలు పరీక్ష

మనదగ్గర పాత కార్లు రోడ్డు పక్కన బానెట్లు ఎత్తుకుని నిలబడేది ఏప్రిల్‌, మే నెలల్లోనే. దానికి చాలామంది ఎండను తిడతారు. చాలాసార్లు అసలు కారణం అంతకుముందు కూలెంట్‌ బదులు పోసిన బోరు నీళ్లు. ఆ నీళ్లలోని లవణాలు రేడియేటర్‌ గొట్టాల్లో గారలా పేరుకుపోతాయి, లోపలి భాగాలకు తుప్పు పట్టిస్తాయి. ఇంకో అలవాటూ ఉంది. ఇంజన్‌ వేడెక్కుతోందంటే కొన్నిచోట్ల థర్మోస్టాట్‌ తీసి పక్కన పారేస్తారు. అప్పటికి సూది కిందికి దిగుతుంది. కానీ ఇంజన్‌ ఎప్పుడూ చల్లగానే నడుస్తూ మైలేజీ పడిపోతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. అందుకే కొనేముందు చల్లారిన ఇంజన్‌ మీద రేడియేటర్‌ మూత తీసి చూడండి. లోపల ఆకుపచ్చగానో, ఎర్రగానో ఉంటే కూలెంట్‌ ఉన్నట్టు. తుప్పు రంగు నీళ్లు కనిపిస్తే పదిసార్లు ఆలోచించాలి.

రేడియేటర్‌ మార్చడానికి రూ.4-8 వేలు సరిపోతాయి. హెచ్చరిక పట్టించుకోకుండా ‘ఇంకో పది కిలోమీటర్లే కదా’ అని నడిపితే హెడ్‌ గాస్కెట్‌ కాలిపోయి రూ.15-30 వేలు అవుతుంది. హెడ్‌ వంకరపోతే అంతకు మించి. పాత కారులో టెంపరేచర్‌ సూది మామూలు కంటే పైకి కదిలితే చేయాల్సింది ఒక్కటే. పక్కకు ఆపి ఇంజన్‌ కట్టేయడం. వేడి మీద రేడియేటర్‌ మూత తీస్తే మొహం కాలుతుంది.

ఏసీని మధ్యాహ్నం పూట, బండి కదలకుండా నిలిపి ఉంచి పరీక్షించాలి. బండి నడుస్తున్నప్పుడు చల్లగా ఉండి, సిగ్నల్‌ దగ్గర ఆగితే వేడిగాలి వస్తుంటే ముందు ఫ్యాన్‌నీ కండెన్సర్‌నీ చూపించాలి. కండెన్సర్‌ రూ.4-8 వేలు, కంప్రెసర్‌ రూ.12-25 వేలు. కూలింగ్‌ కాయిల్‌ లీకైతే కాయిల్‌ కంటే కూలీయే ఎక్కువ. చాలా బండ్లలో డ్యాష్‌బోర్డ్‌ మొత్తం విప్పితే తప్ప దాని దగ్గరికి చెయ్యి వెళ్లదు మరి. ‘గ్యాస్‌ పట్టిస్తే చాలు సార్‌’ అని అమ్మేవాళ్లు అంటే, ‘అయితే పట్టించే ఇవ్వండి, వారం తర్వాత డబ్బిస్తాను’ అని చెప్పి చూడండి. గ్యాస్‌ దానంతటది అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే.

డీజిలా... పెట్రోలా?

మారుతి, టాటా, ఫియట్‌ కార్లలో ఏళ్ల తరబడి పరుగులు తీసింది ఒకే 1.3 లీటర్ల ఫియట్‌ డీజిల్‌ ఇంజన్‌. 2020 ఏప్రిల్‌ 1న బీఎస్‌6 నిబంధనలు రావడంతో మారుతి డీజిల్‌ కార్లే మానేసింది. అయినా ఆ ఇంజన్‌ తెలియని మెకానిక్‌ ఉండడు, దాని పార్టు దొరకని ఊరుండదు. అందుకే పాత డీజిల్‌ డిజైర్లకు ఇప్పటికీ గిరాకీ. ఆ ఇంజన్లో టైమింగ్‌ బెల్టు లేదు, చెయిన్‌ ఉంటుంది. రెనో స్కాలా, నిస్సాన్‌ సన్నీ డీజిల్‌ బండ్లలో మాత్రం బెల్టే. దాన్ని గడువుకి మార్చారా అని కచ్చితంగా అడగాలి. బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే అనుకోవాలి. బెల్టు సెట్టుకి రూ.8-20 వేలు. నడుస్తుండగా తెగిందంటే వాల్వులు, పిస్టన్లు ఢీకొని ఇంజనే పోతుంది.

డీజిల్‌ బండిలో భయపెట్టేవి ఇంజెక్టర్లు, టర్బో. కొత్త ఇంజెక్టర్‌ ఒక్కోటి పన్నెండు వేల పైమాటే, అలాంటివి నాలుగుంటాయి. రీకండిషన్‌ చేయిస్తే తగ్గుతుంది. టర్బోకు రూ.20-40 వేలు. నెలకు వెయ్యి కిలోమీటర్లయినా తిరగని కుటుంబం డీజిల్‌ కొనడం దండగ. ఇంధనం మీద మిగిలేదంతా ఒక్క రిపేరుకే పోతుంది.

పెట్రోల్‌ బండ్లకు కొత్తగా వచ్చిపడింది 20 శాతం ఇథనాల్‌ కలిపిన ఈ20 పెట్రోల్‌. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన చాలా కార్లు దాని కోసం తయారైనవి కావు. ఇథనాల్‌ లేని పెట్రోల్‌ కోసం తయారై, పది శాతం ఇథనాల్‌కి సర్దుబాటు చేసిన కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్‌ 2021 నివేదిక అంచనా వేసింది. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు ముందే మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖ కూడా 2025లో ఒప్పుకుంది. ఇది ఇంజన్‌ కొంప ముంచే ఖర్చు కాదు. సర్వీసింగ్‌ చేయించినప్పుడల్లా ఇంధనం గొట్టాలు, సీళ్లు చూపించుకుంటే సరిపోతుంది. నెలల తరబడి బండిని నిలబెట్టేసేవాళ్లు మాత్రం జాగ్రత్తపడాలి. ఇథనాల్‌ తేమను పీల్చుకుంటుంది.

ఆటోమేటిక్‌ కావాలనుకునేవాళ్లు ఏ రకం గేర్‌బాక్సో తెలుసుకున్నాకే అడుగు వేయాలి. ఫోక్స్‌వ్యాగన్‌ వెంటో, స్కోడా ర్యాపిడ్‌ లాంటి బండ్లలో వచ్చిన ఏడు గేర్ల డీఎస్‌జీలో గేర్లను నియంత్రించే మెకట్రానిక్స్‌ యూనిట్‌ పోతే బిల్లు లక్ష దాటొచ్చు. డిజైర్‌ ఏఎంటీలో గేర్లు మార్చే యాక్చుయేటర్‌ పోయినా అందులో మూడో వంతుకి బయటపడొచ్చు. సిటీ సీవీటీ అయితే దాని ఆయిల్‌ ఎప్పుడు మార్చారన్నదే ప్రశ్న. పాత కారులో తక్కువ తలనొప్పి కావాలంటే మామూలు గేర్ల బండే ఉత్తమం.

పైపై మెరుగులు చూసి...

2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు నీళ్లలో నానాయి. నానిన కారును బీమా కంపెనీ పనికిరానిదని తేల్చినా, ఎవరో వేలంలో కొని, శుభ్రం చేసి, వేరే ఊరికి తెచ్చి అమ్మేస్తారు. వాటిని పట్టుకోవడం అంత కష్టమేం కాదు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. శుభ్రం చేసేవాళ్లు అంతదాకా లాగరు. చివర్లో బురద మరక కనిపిస్తే చాలు. సీట్ల కింది పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా, స్టెప్నీ గుంటలో ఒండ్రు మట్టి ఉందా, హెడ్‌లైట్ల లోపల తేమ పేరుకుందా చూడండి. లోపల అత్తరు వాసన ఘాటుగా కొడుతుంటే దేన్నో దాచడానికే కొట్టి ఉంటారు. మునిగిన బండిలో వైరింగ్‌ సమస్యలు ఒకదాని తర్వాత ఒకటి బయటపడుతూనే ఉంటాయి. వాటికి అంతుండదు, అంచనా కూడా ఉండదు.

గుద్దుకున్న బండిని గుర్తించాలంటే బానెట్‌ కింద ఫెండర్‌ బోల్టులు చూడాలి. కంపెనీలో వేసిన పెయింట్‌ బోల్టు తల మీద పగలకుండా ఉంటుంది. స్పానర్‌ పడిన గుర్తులుంటే ఎందుకు విప్పారో అడగాలి. డోరు, బంపర్‌ టింకరింగ్‌కు భయపడక్కర్లేదు. పైకప్పుని మోసే పిల్లర్లకు వెల్డింగ్‌ చేసి ఉంటే మాత్రం ఆ బండి వద్దు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీర ఊళ్లలో తిరిగిన కారుకైతే డోర్ల కింది అంచుల్లో, చక్రాల ఆర్చీల లోపల తుప్పు వెతకాలి.

ఈరోజుల్లో మీటరు వెనక్కి తిప్పడానికి ల్యాప్‌టాప్‌ చాలు. మీటరులో 48 వేలు చూపిస్తూ, బ్రేక్‌ పెడల్‌ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్‌ జిడ్డుగా మెరుస్తుంటే నమ్మొద్దు. బండి నంబరు చెప్పి షోరూములో పాత సర్వీసు రికార్డు అడిగితే చివరిసారి వచ్చినప్పుడు ఎన్ని కిలోమీటర్లు ఉందో తెలిసిపోతుంది. ఎతియోస్‌, డిజైర్‌ కొనేవాళ్లు అది ఒకప్పుడు ట్యాక్సీయేమో చూసుకోవడం మరీ ముఖ్యం. ఆర్‌సీ వివరాల్లో ఆ సంగతి తెలుస్తుంది.

హోండా సిటీ కొంటుంటే ఇంకో పని ఉంది. 2000 దశకంలో, 2010 దశకం మొదట్లో వచ్చిన సిటీల్లో కొన్నింటికి తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్‌ ఇన్‌ఫ్లేటర్లు బిగించారు. వేడి, తేమ ఎక్కువగా ఉండే చోట అవి కాలం గడిచేకొద్దీ చెడిపోయి, తెరుచుకునేటప్పుడు పేలి ఇనుప ముక్కలు చిమ్మే ప్రమాదముంది. కంపెనీ వాటిని వెనక్కి పిలిపించి ఉచితంగా మార్చింది. మీరు చూస్తున్న బండికి ఆ పని జరిగిందో లేదో చాసిస్‌ నంబరు చెబితే తేలిపోతుంది. డబ్బు ఖర్చు కాని రిపేరు ఇదొక్కటే, వదులుకోకండి.

కాగితాలకీ ఖర్చుంది

సొంత కారు రిజిస్ట్రేషన్‌ 15 ఏళ్లే. ఆ తర్వాత ఫిట్‌నెస్‌ చూపించి అయిదేళ్లకోసారి రెన్యువల్‌ చేయించుకోవాలి. ఒకప్పుడు రూ.600 ఉన్న ఆ ఫీజు 2022 ఏప్రిల్‌ నుంచి రూ.5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని రూ.10,000 చేశారు. గ్రీన్‌ ట్యాక్స్‌ అదనం. కాబట్టి పద్నాలుగేళ్ల బండి చవకగా వస్తుంటే ఆ ఖర్చు కూడా ధరలోనే కలుపుకోవాలి. బండి వయసుకి నంబరు ప్లేటూ ఓ ఆధారమే. ఏపీ 09 లాంటి నంబరుతో హైదరాబాద్‌లో తిరిగే బండి 2014లో రాష్ట్రం విడిపోకముందు రిజిస్టరైనదని ఇట్టే తెలిసిపోతుంది.

ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్‌, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్‌ బండ్లు తిరగకూడదని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించాక అక్కడి బండ్లు చవకగా దక్షిణాదికి రావడం ఎక్కువైంది. వాటికి ఎన్‌ఓసీ ఒక్కటే సరిపోదు. ఇక్కడ లైఫ్‌ ట్యాక్స్‌ కట్టి, మన నంబరు తీసుకోవాలి. ఆ లెక్క కలిపితే చవక కాస్తా ఆవిరైపోతుంది.

పరివాహన్‌ సైట్లో బండి నంబరు కొడితే ఎన్నో యజమాని, ఫైనాన్స్‌ తీరిందా లేదా, బీమా ఎప్పటిదాకా ఉందీ తెలుస్తుంది. చలాన్లు విడిగా చూసుకోవాలి. పేరు మార్పిడికి ఫామ్‌ 29, 30 మీద సంతకాలతో పాటు, ఫైనాన్స్‌ ఉన్న బండికి ఫామ్‌ 35 కూడా తీసుకోవాలి. పాలసీ మన పేరుకు మారాలంటే కొన్న 14 రోజుల్లోపు బీమా కంపెనీకి దరఖాస్తు చేయాలి. పాత యజమాని నో క్లెయిమ్‌ బోనస్‌ మనకు రాదు, అది ఆయనదే. పదేళ్లు దాటిన కారుకు ప్రమాదం జరిగితే మామూలు పాలసీలో ఇనుప భాగాల ధరలోనూ సగమే ఇస్తారన్నదీ గుర్తుంచుకోవాలి.

అమ్మేవాళ్లకూ ఒక హెచ్చరిక. ఆర్‌సీలో పేరు మారనంతకాలం ప్రమాదం జరిగితే బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. తెల్ల కాగితం మీద రాయించుకున్న డెలివరీ నోట్‌ మిమ్మల్ని కాపాడలేదు.

మొదటి ఏడాది బిల్లు ఇదీ!

లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. 2014 డీజిల్‌ డిజైర్‌, 95 వేల కిలోమీటర్లు తిరిగింది, ధర రూ.3,25,000. ఇంజన్‌ బాగుంది, గుద్దుకోలేదు. అయినా మొదటి ఏడాదిలో అయ్యే ఖర్చు ఇలా ఉండొచ్చు.

ఆయిళ్లు, ఫిల్టర్లు, కూలెంట్‌: రూ.6,000
నాలుగు టైర్లు: రూ.18,000
బ్యాటరీ: రూ.5,500
ముందు సస్పెన్షన్‌: రూ.14,000
బ్రేకులు: రూ.5,000
క్లచ్‌ సెట్టు: రూ.10,000
ఏసీ సర్వీసింగ్‌: రూ.4,000
పేరు మార్పిడి, బీమా: రూ.9,000
మొత్తం: రూ.71,500

కారు ధరలో ఇది 22 శాతం. అంటే చేతిలో నాలుగు లక్షలుంటే మూడుంబావు లక్షల కారే చూడాలి. నాలుగు లక్షల కారు కొన్నవాళ్లు షెడ్డులో అప్పు పెడతారు. ఈ పనులన్నీ అయ్యాక ఏటా పాతిక వేల దాకా పక్కన పెట్టుకుంటే అలాంటి బండి మరో అయిదేళ్లు ఇబ్బంది పెట్టకుండా నడుస్తుంది.

షోరూమా, షెడ్డా?

వారంటీ అయిపోయిన కారును షోరూముకే తీసుకెళ్లాలని లేదు. ఇంజన్‌ స్కానింగ్‌, ఎయిర్‌బ్యాగ్‌, ఏబీఎస్‌ పనులకు అక్కడికి వెళ్లడం మంచిదే. సస్పెన్షన్‌, క్లచ్‌, బ్రేకులకు నమ్మకమైన షెడ్డు చాలు. కార్ల కంపెనీలు క్లచ్‌లూ, ఇంజెక్టర్లూ, కంప్రెసర్లూ సొంతంగా తయారు చేసుకోవు. వాలియో, లుక్‌, బాష్‌, డెన్సో లాంటి సంస్థల దగ్గర కొంటాయి. అదే సంస్థ డబ్బాలో దొరికే పార్టు తరచూ తక్కువకే వస్తుంది. సికింద్రాబాద్‌ రాణిగంజ్‌ దుకాణాల్లో, విజయవాడ ఆటోనగర్‌లో నాలుగు చోట్ల అడిగితే తేడా తెలుస్తుంది. తీసేసిన బండ్ల నుంచి వచ్చే పాత పార్టుల్లో డోర్లు, అద్దాలు, హెడ్‌లైట్లు నిక్షేపంగా వాడుకోవచ్చు. బ్రేకులు, సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగుల దగ్గర ఆ కక్కుర్తి పనికిరాదు. ఏది మార్చినా పాత పార్టు చేతికి తీసుకోండి, బిల్లు రాయించుకోండి. రేపు మీరు అమ్మేటప్పుడు ఆ బిల్లుల ఫైలే మీ బండికి ధర తెస్తుంది.

ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి. ఒక్క రిపేరు అంచనా కారు ధరలో సగం దాటితే ఆ పని చేయించకుండా ఉన్నది ఉన్నట్టు అమ్మేయడమో, రిజిస్టర్డ్‌ స్క్రాపింగ్‌ కేంద్రానికి ఇచ్చి డిపాజిట్‌ సర్టిఫికెట్‌ తీసుకోవడమో మేలు. ‘ఇప్పటికే ఇంత పెట్టాం కదా’ అని ఇంకా పెట్టుకుంటూ పోతే ముందుంది ముసళ్ల పండగే.

ఇక చివరి మాట. బండి నచ్చి, అడ్వాన్స్‌ ఇవ్వబోయేముందు ఒక్క ఫోన్‌ చేయండి. ఆ మోడల్‌కి క్లచ్‌ సెట్టు ఎంత, ఏసీ కంప్రెసర్‌ ఎంత, హెడ్‌లైట్‌ ఎంత అని పార్టుల దుకాణంలో అడగండి. ఆ మూడు ధరలూ విన్నాక కూడా బేరం గిట్టుబాటు అనిపిస్తే నిశ్చింతగా కొనండి. విని గుండె జారితే, ఆ కారు ఎంత చవకగా వచ్చినా మీ స్థాయికి ఖరీదైనదే.